వన్నె – చిన్నె: తెలుగునాట వెండిపై ముద్రల చరిత్ర

వ్యాస సంగ్రహం

వెండి నగపై కనిపించే చిన్న ముద్ర ఆ లోహంలోని వెండి పాలు ఎంతో, దానికి ఎవరు హామీ ఇస్తున్నారో చెబుతుంది. ఈ హామీ తెలుగునాట కాలానుగుణంగా ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేలు, శాతవాహనుల కాలపు పునర్ముద్రణలు, కంపెనీ రూపాయి, మద్రాసు వెండి వర్తకుల గుర్తులు, నేటి హాల్‌మార్క్ ఇందుకు ఆధారాలు. వీటితోపాటు ‘రూపాయి’, ‘నాణెం’, ‘వన్నె’, ‘చిన్నె’ వంటి పదాల చరిత్రను కూడా సాక్ష్యంగా స్వీకరించడం జరిగింది. ముద్ర లోహానికి పూచీ ఇచ్చినంతగా ఆ లోహాన్ని మలచిన చేతికి గుర్తింపు ఇవ్వలేదన్నది ఈ పరిశీలనలో తేలే అంశం.

కీలక పదాలు: వెండి, ముద్ర, విద్ధాంక నాణేలు, రూప్యం, నాణ్యం, ఒరగల్లు, హాల్‌మార్క్, స్వర్ణకారులు, తాడేపల్లి, అమరావతి.

1. ప్రవేశిక

తాడేపల్లి కృష్ణకు దక్షిణపు గట్టున ఉంది. నది దాటితే విజయవాడ వన్‌టౌన్‌లోని వెండి బంగారు అంగళ్లు. దక్షిణాన కొద్ది దూరంలో మంగళగిరి, చేనేతతోపాటు స్వర్ణకార వృత్తికీ పేరున్న ఊరు. కరకట్ట వెంట పడమరకు సాగితే ఉండవల్లి గుహలు, ఇంకా ముందుకు వెళితే ధరణికోట, అమరావతి వస్తాయి. వెండిని కొనేచోటు, మలిచేచోటు, తెలుగునేలపై ముద్ర వేసిన వెండి పెద్ద రాశిగా బయటపడిన చోటు ఈ విధంగా ఒకే నదీతీరంలో దగ్గర దగ్గరగా ఉన్నాయి.

ఈ ప్రాంతం పత్తికి, మిరపకు పేరు పొందిన మైదానం. ఇక్కడి వ్యవసాయ కుటుంబంలో వెండి అలంకారం మాత్రమే కాదు. పంట చేతికి వచ్చినప్పుడు పట్టీలుగా, కడియాలుగా, మొలతాడుగా కొనుక్కొని, విత్తనాలకూ ఎరువులకూ డబ్బు కావలసినప్పుడు కుదువ పెట్టుకునే నిల్వధనం అది. బంగారం కొనలేని ఇంట్లో స్త్రీ పేరున ఉండే ఆస్తి చాలావరకు వెండే. దానిని అమ్మబోయిన నాడు తూకం గురించి వాదన రాదు, తరాజు అందరికీ కనిపిస్తుంది. వాదన వచ్చేది ‘టంచ్’ దగ్గర, అంటే లోహంలో అసలు వెండి ఎంత అన్న లెక్క దగ్గర. కొన్న అంగడిలోనే అమ్మితే ఒక ధర, మరో చోట అమ్మితే ఇంకొక ధర పలకడానికి కారణం ఆ లెక్కకు అందరూ ఒప్పుకునే సాక్ష్యం నగపై లేకపోవడమే. ముద్ర చరిత్రను పరిశీలించవలసిన అవసరం ఇక్కడినుంచే మొదలవుతుంది.

2. మాటల్లో నిలిచిన ముద్ర

వెండికి తెలుగులో వాడుకలో ఉన్న పేర్లు రెండు రకాలు. ‘వెండి’ అన్నది తెల్లదనాన్ని సూచించే ద్రావిడ ధాతువు నుంచి వచ్చిన మాట. వెల్ల, వెలుగు, వెన్నెల దీనికి చుట్టాలు. తమిళంలోని ‘వెళ్ళి’ కూడా ఈ కుటుంబానిదే. సంస్కృతంలోని ‘రజతం’ సైతం తెల్లని మెరుపును బట్టి వచ్చిన పేరే. ఈ పేర్లు లోహం సహజ లక్షణాన్ని చెబుతాయి.

‘రూప్యం’ అలాంటిది కాదు. పాణిని అష్టాధ్యాయి (5.2.120) ‘రూప’ శబ్దం నుంచి ‘రూప్య’ శబ్దం రెండు అర్థాల్లో ఏర్పడుతుందని చెబుతుంది. ఒకటి ఆహతం, అంటే కొట్టి రూపం వేసినది. రెండవది ప్రశంస. అమరకోశం బంగారాన్ని, వెండిని రెండింటినీ ముద్ర కొట్టినప్పుడు రూప్యం అంటారని వివరిస్తుంది. అంటే ఈ పదం మొదట లోహం పేరు కాదు, ముద్ర పడిన స్థితి పేరు. కాలక్రమంలో అది వెండికి పర్యాయపదమై, అటుపై ‘రూపాయి’గా వాడుకలో స్థిరపడింది. వెండిని దాని రంగును బట్టి కాక దానిపై పడిన గుర్తును బట్టి పిలిచిన సమాజపు జ్ఞాపకం ఈ మాటలో ఉంది.

‘నాణెం’ చరిత్ర కూడా గమనించదగినది. సంస్కృతంలో ‘నాణకం’ అంటే ముద్రిత ద్రవ్యం. యాజ్ఞవల్క్యస్మృతి నాణకాలను పరీక్షించే వ్యక్తిని ప్రస్తావించి, అతడు మంచిదానిని చెడ్డదనీ చెడ్డదానిని మంచిదనీ చెబితే దండనార్హుడని విధిస్తుంది. తెలుగులో ఈ పదం రెండుగా చీలింది. ‘నాణెం’ ద్రవ్యమైంది, ‘నాణ్యం’ గుణమైంది. ‘నాణెమైన సరుకు’ అన్న వాడుకలో రెండూ కలిసే ఉన్నాయి. ఇవాళ విద్యకూ వైద్యానికీ వాడుతున్న ‘నాణ్యత’ అన్న మాట పుట్టుక నాణేల పరీక్షలో ఉండడం విశేషం.

మూడవ జంట ‘వన్నె’, ‘చిన్నె’. వర్ణశబ్దభవమైన ‘వన్నె’ స్వర్ణకారుల పరిభాషలో స్వచ్ఛతకు కొలత. పదారు వన్నెల బంగారం అంటే కల్తీలేని మేలిమి. ‘చిన్నె’ చిహ్నశబ్దానికి తద్భవం. ‘వన్నెచిన్నెలు’ అన్న జంటపదం నేడు సౌందర్యానికే పరిమితమైనా, విడదీసి చూస్తే లోహాన్ని గుర్తించే రెండు మార్గాలూ అందులో కనిపిస్తాయి. వన్నె లోహం తానుగా చూపే సాక్ష్యం. చిన్నె మనిషి దానిపై వేసిన సాక్ష్యం. తెలుగునాట వెండి చరిత్రను ఈ రెండింటి మధ్య రాకపోకలుగా అర్థం చేసుకోవచ్చు.

3. అమరావతి వెండి: అయిదు గుర్తులు

అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల నిధిలో వేల సంఖ్యలో వెండి నాణేలు ఉన్నాయి. వీటిని పరమేశ్వరీలాల్ గుప్తా పరిశీలించి రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు ప్రచురణగా 1963లో హైదరాబాదు నుంచి వెలువరించారు. విద్ధాంక నాణెం అంటే అచ్చులో పోసినది కాదు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం సరిపోవడానికి మూలలు కోసి, ఒక్కొక్క గుర్తును ఒక్కొక్క పంచుతో విడివిడిగా కొట్టి తయారుచేసినది. మగధ ప్రాబల్యకాలపు నాణేలపై ముందువైపు సాధారణంగా అయిదు గుర్తులు ఉంటాయి. సూర్యుడు, ఆరు ఆకుల షడరచక్రం చాలావాటిపై కనిపిస్తాయి. మిగిలిన గుర్తుల కూర్పు మారుతుంది. వీటి ప్రమాణం 32 రత్తులు, అంటే సుమారు మూడున్నర గ్రాములు.

ఈ గుర్తులు ఎవరివి అన్న ప్రశ్నపై నాణేల శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద చర్చ జరిగింది. పాలకుల అనుమతితో వర్తక శ్రేణులు, వెండి పనివారు వేసిన గుర్తులని తొలితరం పండితుల్లో కొందరు భావించారు. గుర్తుల కూర్పులో కనిపించే క్రమాన్ని గమనించిన తరువాతి పండితులు వీటిని రాజ్యం తరఫున వేసిన ముద్రలుగా నిర్ధారించారు. వెనుకవైపు కనిపించే చిన్న గుర్తుల సంగతి వేరు. వాటి సంఖ్య నాణెం నుంచి నాణేనికి మారుతుంది. డి.డి. కోశాంబి నాణేలను ఒక్కొక్కటిగా తూచి, చెలామణిలో ఎక్కువకాలం ఉన్న నాణెం అరుగుదలవల్ల బరువు తగ్గుతుందనీ, వెనుకవైపు గుర్తుల సంఖ్యకు ఈ అరుగుదలకు సంబంధం ఉందనీ చూపాడు. ఆ గుర్తులు వర్తకులు మళ్లీమళ్లీ పరీక్షించి వేసినవని దీనివల్ల తెలుస్తుంది.

ఈ వివరం ప్రస్తుత అంశానికి కీలకం. ఒకే వెండి ముక్కపై రెండు హామీలున్నాయి. ముందువైపున రాజ్యం ఒకసారి ఇచ్చిన హామీ, వెనుకవైపున అంగడి పదేపదే పునరుద్ధరించిన హామీ. రాజముద్ర ఉన్నప్పటికీ వర్తకుడు తన కళ్లతో మరొకసారి చూసుకున్నాడు. నేటి దుకాణంలో ముద్ర ఉన్న నగను సైతం మళ్లీ టంచ్ చూసే అలవాటు కొత్తది కాదు.

రాజ్యం ఇచ్చిన హామీలో వెండి ఎంత అన్నది కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. ముద్రాశాల అధికారి అయిన లక్షణాధ్యక్షుడు వెండి పణంలో నాలుగోవంతు రాగి, గట్టితనం కోసం ఇనుము, తగరం, సీసం, అంజనం వీటిలో ఏదో ఒకటి ఒక మాషం కలపాలని ఆ గ్రంథం విధిస్తుంది. పదహారు మాషాల పణంలో నాలుగు మాషాలు రాగి, ఒక మాషం గట్టిలోహం పోగా మిగిలేది పదకొండు మాషాల వెండి. అంటే నూటికి 68.75 పాళ్లు. అందువల్ల ముద్ర ఆదినుంచీ స్వచ్ఛతకు గుర్తు కాదని గ్రహించాలి. అది ప్రకటించిన పాళ్లకు గుర్తు. కల్తీ అంటే వేరే లోహం కలపడం కాదు, కలిపినదానిని దాచడం. నేటి హాల్‌మార్క్ వెనుక ఉన్న సూత్రమూ ఇదే. చెలామణిని పరీక్షించే రూపదర్శకుడు, నగల పనిని పర్యవేక్షించే సువర్ణాధ్యక్షుడు, అక్షశాల కూడా అర్థశాస్త్రంలో ఉన్నాయి. తూకంలో మోసం, ఒకదాని స్థానంలో మరొకటి పెట్టడం, పైపూత వేయడం వంటి స్వర్ణకారుల మాయోపాయాలను ఆ గ్రంథం పేర్లతో సహా వర్గీకరించింది. తెలుగు, కన్నడ భాషల్లోని ‘అగసాలె’, ‘అక్కసాలె’ పదాలకు ఈ అక్షశాలతో సంబంధం ఉందని భావించేవారున్నారు.

4. ముద్రపై ముద్ర

ఒకరి ముద్ర ఉన్న వెండి మరొకరి చేతికి వచ్చినప్పుడు రెండు మార్గాలుంటాయి. కరిగించి కొత్తది చేయడం, లేదా ఉన్నదానిపైనే తన ముద్ర కొట్టడం. 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో బయటపడిన నిధి రెండో మార్గానికి ప్రసిద్ధ నిదర్శనం. పదమూడు వేలకు పైగా ఉన్న ఆ వెండి నాణేలు క్షహరాత నహపానునివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. నహపానుని ముఖం, అక్షరాలు ఆ ముద్రల కింద నేటికీ కనిపిస్తాయి. లోహం మారలేదు, తూకం మారలేదు, పూచీదారు మారాడు.

అటుతరువాత శాతవాహనులు క్షత్రపుల పద్ధతిలో రాజముఖం ఉన్న వెండి నాణేలు వెలువరించారు. వాటి ఒకవైపు ప్రాకృతంలోనూ, మరోవైపు ఒక ద్రావిడ భాషలోనూ రాజు పేరు ఉంది. ఆ రెండవ భాష తమిళమా, తొలి తెలుగుకు దగ్గరి రూపమా అన్నది పండితుల్లో చర్చనీయాంశంగా ఉంది. ఆ చర్చ ఎటు తేలినా ఒక విషయం స్పష్టం. గుర్తుల స్థానంలో అక్షరాలు వచ్చాయి, ఆ అక్షరాలు వాడేవారి భాషలో ఉండాలన్న ఆలోచన వచ్చింది. వెండిపై హామీని జనభాషలో చెప్పిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

పరాయి వెండి కడలి దాటి కూడా వచ్చింది. నల్లగొండ ప్రాంతపు అక్కనపల్లెలో 1,500కు పైగా రోమన్ వెండి దినారియస్‌లు దొరికాయి. రోమన్ చక్రవర్తి బొమ్మ ఉన్న ఈ నాణేలపై చిన్నచిన్న గుర్తులు అదనంగా కొట్టి ఉండడాన్ని పరిశోధకులు గుర్తించారు. పరాయి రాజు ముద్రను యథాతథంగా ఒప్పుకోక, స్థానికంగా పరీక్షించి తమ చిన్నెను చేర్చుకునే పద్ధతికి ఇవి సాక్ష్యం.

5. రూపాయి: ముద్ర వేసిన ముడిసరుకు

కాకతీయ, విజయనగర కాలాల్లో తెలుగునాట పెద్ద లావాదేవీలు ప్రధానంగా బంగారు మాడలు, గద్యాణాలు, వరహాలలో సాగాయి. 1687లో గోల్కొండ పతనం తరువాత మొగలాయి వెండి రూపాయి ఈ నేలపై క్రమంగా బలపడింది. దానితోపాటు సరాబు, సిక్కా, వట్టం అన్న మాటలు వాడుకకెక్కాయి. సరాబు నాణేలను పరీక్షించి మార్చే వర్తకుడు. ఏ టంకసాలది, ఏ సంవత్సరానిది, ఎంత అరిగినది అన్నదానిని బట్టి అతడు తీసుకునే తగ్గింపు వట్టం. అమరావతి నాణేల వెనుకవైపు గుర్తులు వేసిన వర్తకునికి ఇతడు వారసుడు.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి ఈస్టిండియా కంపెనీ 1835లో తన పాలిత ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని నిర్ణయించింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే ఒక తులం, సుమారు 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు, అంటే 165 గ్రెయిన్లు శుద్ధమైన వెండి. నేటి లెక్కలో వెయ్యికి 916 పాళ్లకు కొంచెం పైన. ఈ నాణెం స్వర్ణకారుని పనిని మార్చింది. తులం బరువు, తెలిసిన పాళ్లు, రాజముద్ర ఉన్న ముడిసరుకు ఊరూరా దొరికింది. ఇంటివారు ఇన్ని రూపాయలు లెక్కపెట్టి ఇస్తే, కంసాలి వాటిని కరిగించి అన్ని తులాల కడియాలు చేసి, తరుగు, మజూరీ తీసుకునేవాడు. నగపై ముద్ర ఉండేది కాదు. కరగడానికి ముందున్న నాణెం మీది ముద్రే ఆ నగకు హామీ. అది కంటికి కనిపించకుండా నగలో కలిసిపోయింది. పాత కుటుంబాల్లో ‘రూపాయి వెండి’కి ఉన్న గౌరవం ఈ నేపథ్యంలో పుట్టినది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడి హాలీ సిక్కా రూపాయిలో వెండి వెయ్యికి 818 పాళ్లు. రూపాయిలు కరిగించి చేయించుకున్న నగ అయితే, కృష్ణా తీరంలోని కడియానికీ నిజాం ఏలుబడిలోని కడియానికీ పని ఒకటే అయినా లోహం వేరు కావడానికి ఇది ఒక కారణం. పాత నగలలోని వెండి పాలు తేలికపరచే పరిశోధకులు కంసాలి నిజాయితీని శంకించే ముందు నాణెం పుట్టిన రాజ్యాన్ని గమనించాలి.

ఈ పద్ధతి మూడు మెట్లలో చెదిరిపోయింది. 1893లో ప్రభుత్వం టంకసాలలలో ప్రజల వెండిని నాణేలుగా మార్చి ఇవ్వడం ఆపివేసింది. దానితో రూపాయి ముఖవిలువ అందులోని వెండి విలువను మించింది. రూపాయిని కరిగించడంకన్న వెండి కడ్డీ కొనడం చౌక అయింది. కడ్డీతోపాటు దాని పాళ్లను నమ్మవలసిన అవసరమూ వచ్చింది. 1940లో రూపాయిలోని వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చి వెండి పూర్తిగా తొలగింది. ముద్ర వేసిన వెండి పల్లె అందుబాటు నుంచి అలా తప్పుకుంది. దాని స్థానంలో మరో హామీ వెంటనే రాలేదు.

6. ఒరగల్లు పరిమితి

ముద్ర లేనిచోట వన్నెను చూసి నిర్ణయించాలి. ఒరగల్లుపై నగతో ఒక గీత, తెలిసిన పాళ్లున్న లోహంతో మరొక గీత గీసి పోల్చడం ప్రాచీనమైన పద్ధతి. బంగారం విషయంలో ఇది అనుభవజ్ఞుని చేతిలో బాగా పనిచేస్తుంది. రాగి కలిసిన కొద్దీ పసుపు ఎరుపెక్కుతుంది. వెండి విషయంలో తెల్లదనంలోని తేడాలు అంత తేలికగా తేలవు. పైగా వెండిపనిలో భాగమైన ఒక ప్రక్రియ ఈ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. రాగి కలిసిన వెండి నగను కాల్చి చింతపండు వంటి పులుపులో ఉడికిస్తే పైపొరలోని రాగి కరిగిపోయి, దాదాపు శుద్ధమైన వెండి పైన మిగులుతుంది. నగ తెల్లగా మెరుస్తుంది. ఇది మోసం కోసం చేసేది కాదు, మెరుగుకు చేసే పనే. కానీ పైపొర గీత లోపలి లోహం గురించి నిజం చెప్పదు.

నిజం తెలియాలంటే లోహంలో కొంత భాగాన్ని నష్టపరచక తప్పదు. సీసంతో కలిపి పుటం పెట్టడం ఒక పద్ధతి. సీసంతో వెండిని శుద్ధిచేయడం అర్థశాస్త్రానికీ తెలుసు. నత్రికామ్లంలో కరిగించి ఉప్పునీటితో వెండిని తెల్లని అవక్షేపంగా రాబట్టి లెక్కించడం పంతొమ్మిదో శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుసాక్ స్థిరపరచిన పద్ధతి. ఎక్స్-కిరణాల యంత్రం నగను చెడపకుండా నిమిషాల్లో అంకె చూపుతుంది. అయితే అది ప్రధానంగా పైపొరనే చదువుతుంది కాబట్టి ఒరగల్లుకున్న పరిమితి దానికీ కొంత ఉంది. నాలుగు తులాల పట్టీలు అమ్ముకునే స్త్రీకి ఈ పరీక్షలేవీ తన చేతిలో ఉండవు. పరీక్షించేవాడే కొనేవాడు కావడం ఈ వ్యవహారంలోని అసలు చిక్కు. ముద్ర అవసరం ఈ చిక్కులోనే ఉంది. కొనేవాడూ అమ్మేవాడూ కాని మూడో వ్యక్తి సాక్ష్యం అది.

7. హాలు నుంచి వచ్చిన మాట

‘హాల్‌మార్క్’ అన్న మాట లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచి పుట్టింది. 1300లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు శాసనం వెండి వస్తువులకు స్టెర్లింగ్ ప్రమాణాన్ని, చిరుతపులి తల ముద్రను విధించింది. స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్లు. 1363లో ప్రతి పనివాడూ తన గుర్తు వేయాలన్న నియమం వచ్చింది. 1478లో వస్తువులను హాలుకే తెచ్చి పరీక్షించే ఏర్పాటు, పరీక్షించిన సంవత్సరాన్ని తెలిపే అక్షరం వచ్చాయి. 1544 నుంచి నడిచే సింహం ముద్ర చేరింది. నాణేలను కరిగించి పాత్రలు చేయడాన్ని అరికట్టేందుకు 1697లో వస్తువుల ప్రమాణాన్ని 958 పాళ్లకు పెంచారు. 1720లో స్టెర్లింగును తిరిగి అనుమతించారు. ఈ వరుసలో పనివాని గుర్తు 1363నాటికే చేరడం గమనార్హం. తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి ఏర్పడిన ఆ నియమం, శతాబ్దాల తరువాత వేలమంది వెండి పనివారి చరిత్రను తిరిగి రాసే ఆధారమైంది.

బ్రిటిష్ పాలకులు ఈ చట్టాన్ని భారతదేశానికి తేలేదు. ఇక్కడి యూరోపియన్ వర్తకులు తమకు తోచిన గుర్తులు వేసుకున్నారు. కలకత్తాలోని హామిల్టన్ కంపెనీ తన పేరుతోపాటు ఇంగ్లండు ముద్రలను తలపించే చిన్న గుర్తులు వేసింది. మద్రాసులోని పి. ఆర్ అండ్ సన్స్ దేవతామూర్తులు తీర్చిన ‘స్వామి’ పనితనపు వెండి పాత్రలతో ప్రసిద్ధి పొందింది. ఆ పాత్రలపై ఉన్నది కంపెనీ పేరు. మూర్తులను చెక్కినవారు స్థానిక శిల్పులు, వారి పేర్లు పాత్రలపై లేవు. దీనికి భిన్నమైన ఉదాహరణ కచ్‌లోని భుజ్‌కు చెందిన ఊమర్సీ మావ్‌జీ. ఆయన తన పేరులోని పొడి అక్షరాలను, ఊరి పేరును వెండిపై ముద్రించాడు. అందువల్లనే నేడు ఆయన పని ప్రపంచ సంగ్రహాలయాల్లో ఆయన పేరుతో గుర్తింపు పొందుతోంది. ముద్ర ఉన్న చెయ్యికీ లేని చెయ్యికీ చరిత్రలో కలిగే తేడా ఇది.

8. నేటి ముద్రను చదవడం

స్వాతంత్ర్యానంతరం రాజ్యం స్వర్ణకారుని వృత్తిలో మొదట జోక్యం చేసుకున్నది నాణ్యత కోసం కాదు. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారట్లకు మించిన నగల తయారీని నిషేధించాయి. దేశమంతటా కంసాలులు పని కోల్పోయారు. 1968లో చట్టరూపం పొందిన ఈ నియంత్రణ 1990లో రద్దయింది. వెండి ఈ చట్టం పరిధిలో లేదు. నియంత్రణ తొలగిన దశాబ్దం తరువాత భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో బంగారానికి, 2005లో వెండికి హాల్‌మార్కింగును స్వచ్ఛంద పద్ధతిలో ప్రవేశపెట్టింది. 2021లో బంగారు నగలకు అది దశలవారీగా తప్పనిసరి అయింది. వెండికి 2025 నాటికీ ఐచ్ఛికంగానే ఉంది.

వెండికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2112. వెయ్యికి ఎన్ని పాళ్లు వెండి అన్నదానిని బట్టి ఇది 800, 835, 925, 970, 990 వంటి తరగతులను నిర్ణయించింది. 2025 సవరణతో 958, 999 తరగతులు చేరాయి. తొలి పద్ధతిలో నగపై నాలుగు అంశాలుండేవి: ప్రమాణాల సంస్థ చిహ్నం, పాళ్ల అంకె, పరీక్షాకేంద్రం గుర్తు, నగల వర్తకుని గుర్తు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ ప్రత్యేక గుర్తింపు సంఖ్య పద్ధతి వచ్చింది. ఇందులో సంస్థ చిహ్నంతోపాటు ‘సిల్వర్’ అన్న మాట, పాళ్ల తరగతి, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో చూస్తే వర్తకుని నమోదు, పరీక్షాకేంద్రం, వస్తువు రకం, పాళ్ల వివరాలు తెలుస్తాయి.

నగపై కనిపించే ప్రతి గుర్తూ హాల్‌మార్క్ కాదన్న విషయం నొక్కి చెప్పవలసి ఉంది. ‘925’ అన్న అంకె ఒంటరిగా ఉంటే అది తయారీదారు తన గురించి తాను చెప్పుకున్న మాట మాత్రమే. పట్టీల కొక్కెం దగ్గర కనిపించే రెండు మూడు అక్షరాలు తరచు టోకు వర్తకుని సంకేతాలు. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అన్న ముద్ర రాగి, నికెల్, తుత్తునాగం కలిసిన లోహంపై పలుచని వెండిపూతను సూచిస్తుంది. శుభకార్యాల్లో పూజాసామగ్రిగా విరివిగా వాడే జర్మన్ సిల్వర్‌లో పేరులో తప్ప వెండి లేదు. ముద్రను చదవడమంటే ఏ గుర్తు లోహాన్ని గురించి, ఏది పూతను గురించి, ఏది అంగడిని గురించి చెబుతోందో విడదీయగలగడం.

9. చెయ్యి ఎవరిది?

కొత్త పద్ధతి నదీతీరపు గ్రామాల్లో వెండి దాచుకునే కుటుంబాలకు మేలు చేయగలిగినదే. ఏ అంగడిలోనైనా చెల్లే సాక్ష్యం నగపై ఉంటే టంచ్ దగ్గర వాదన తగ్గుతుంది. అయితే చరిత్ర దృష్టితో చూసినప్పుడు ఒక లోటు కనిపిస్తుంది. తొలి పద్ధతిలో ఉన్న వర్తకుని గుర్తు కూడా మలచినవాని గుర్తు కాదు. నమోదు చేసుకుని నగను హాల్‌మార్కింగుకు పంపే వర్తకునిదే ఆ గుర్తు. కొత్త పద్ధతిలో అది కూడా కంటికి కనిపించే చోటునుంచి తప్పుకుని సంఖ్య వెనుకకు చేరింది. అంగడికి కూలిపని చేసిపెట్టే కంసాలి పేరు ఈ రెండు పద్ధతుల్లో ఏ దశలోనూ నగపైకి రాలేదు.

అమరావతి శిలాఫలకాలతో పోలిస్తే ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. అక్కడి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం తనను సమర్పించిన చర్మకారుడు విధికుని పేరును రెండువేల ఏళ్లు మోసుకొచ్చింది. భట్టిప్రోలు ధాతుకరండాలు నిగమ సభ్యుల పేర్లను వరుసగా చెబుతాయి. అదే నేలలో దొరికిన వెండి నాణేలు మాత్రం ఒక్క పనివాని పేరూ చెప్పవు. రాయి మనుషుల పేర్లను భద్రపరచింది. వెండి అధికారపు గుర్తులను భద్రపరచింది.

కరీంనగర్ వెండి తీగపనికి లభించిన భౌగోళిక సూచిక ఈ లోటును కొంత పూరించే ప్రయత్నం. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిన ఈ పనిలో వెండిని సన్నని తీగగా లాగి, మెలితిప్పి, చట్రంలో అమర్చి టంకం పెడతారు. భౌగోళిక సూచిక లోహపు పాళ్లకు కాక ఒక ప్రాంతపు పనితనానికి హామీ. అయితే అది సమష్టి గుర్తింపు. అందులోనూ వ్యక్తి పేరు లేదు. మంగళగిరి వంటి కేంద్రాల్లోని స్వర్ణకారులకు అటువంటి సమష్టి ముద్ర కూడా లేదు.

10. ఉపసంహారం

పై పరిశీలన మూడు అంశాలను స్థిరపరుస్తుంది. మొదటిది, తెలుగునాట వెండిపై ముద్ర హాల్‌మార్క్‌తో పుట్టినది కాదు. కృష్ణాతీరంలోనే దానికి రెండువేల ఏళ్లకు పైబడిన సాక్ష్యం ఉంది. ‘రూపాయి’, ‘నాణ్యం’ అన్న మాటలు ఆ చరిత్రకు భాషలో నిలిచిన ఆధారాలు. రెండవది, రాజముద్ర ఎంత బలంగా ఉన్నా అంగడి తన పరీక్షను మానలేదు, అంగడి పరీక్ష ఎంత నిశితమైనా సామాన్యునికి మూడో సాక్షి అవసరం తప్పలేదు. రూపాయి నుంచి వెండి తొలగిన 1947కూ, వెండి హాల్‌మార్క్ వచ్చిన 2005కూ మధ్య దాదాపు ఆరు దశాబ్దాలపాటు పల్లె వెండికి అటువంటి సాక్షి లేదు. పాత పట్టీలు అమ్మబోయే కుటుంబాలు నేడు భరిస్తున్న కోత ఆ ఖాళీకాలపు వారసత్వం. మూడవది, ఈ చరిత్ర అంతటా ముద్ర లోహానికి, రాజ్యానికి, వర్తకానికి చెందింది గాని పనివానికి చెందలేదు.

మూడో అంశం తెలుగు పరిశోధనకు ఒక కర్తవ్యాన్ని సూచిస్తుంది. ముద్ర లేని నగను గుర్తించడానికి మిగిలే ఆధారం దాని పేరు, దానిని చేసే పనిలోని మాట. అందెలు, కడియాలు, మురుగులు, దండకడియాలు, కంటెలు కరిగిపోయి కొత్త నమూనాలుగా మారుతున్నప్పుడు వాటితోపాటు పనిముట్ల పేర్లు, కొలతల పేర్లు, తీగలాగే పద్ధతుల పేర్లు కనుమరుగవుతున్నాయి. స్వర్ణకార కుటుంబాల నుంచి ఈ వృత్తిపదాలను, చెప్పినవారి పేర్లతో సహా సేకరించడం భాషాశాఖలు చేయగలిగిన పని. లోహపు వన్నెను ప్రమాణాల సంస్థ నమోదు చేస్తుంది. చేతిపని చిన్నెను నమోదు చేయవలసినది భాష.